మల్లెపందిరిలో పికిలిపిట్ట గూడు: కొమ్మ కొట్టే ముందు ఒక్కసారి చూడండి

సంగారెడ్డి నుంచి ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానీమాత దర్శనానికి వెళ్ళేవాళ్ళు దారిలో ఒక పిట్టను చూసే ఉంటారు. తల మీద నల్లటి చిన్న కుచ్చు, తోక కింద ఎర్రటి మచ్చ. అదే పికిలిపిట్ట. పటాన్‌చెరు ఫ్యాక్టరీల పక్క కాలనీల్లో కూడా ఒక మల్లెపందిరో, గుబురు మొక్కో దొరికితే చాలు, గూడు కట్టేస్తుంది.

గూళ్ళు ఎక్కువగా కట్టేది జూన్ నుంచి సెప్టెంబరు వరకు. మనకు శ్రావణమాసం, వినాయక చవితి వచ్చేదీ అప్పుడే. పండగ అనగానే ఇల్లు కడుగుతాం, అడ్డొచ్చిన కొమ్మలు కొట్టేస్తాం. అందుకే ఈ రోజు ఈ విషయం చెప్పుకుందాం.

సన్నటి పుల్లలు, వేర్లు తెచ్చి, సాలెగూటి దారాలతో బిగించి చిన్న గిన్నెలాంటి గూడు అల్లుతుంది. 2 లేదా 3 గుడ్లు పెడుతుంది. లేత గులాబీ రంగు మీద ఎర్రటి మచ్చలుంటాయి. సుమారు 14 రోజులకు పిల్లలవుతాయి. అప్పటికి వాటికి కళ్ళు తెరుచుకోవు, ఈకలు ఉండవు. తల్లీ తండ్రీ ఇద్దరూ మేత తెస్తాయి. తాము పళ్ళు తిన్నా, పసిపిల్లలకు మాత్రం పురుగులు ఏరి తెచ్చి పెడతాయి. మేత పెట్టాక కాసేపు అక్కడే ఆగి, పిల్లలు వేసిన రెట్టను కూడా తీసేస్తాయి. గూడు శుభ్రంగా ఉంటుంది.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూతకు 24 మంది గురువులు. అందులో పావురం ఒకటి. బోయవాడి వలలో చిక్కిన పిల్లల్ని చూసి తల్లి వలలో పడుతుంది, తర్వాత తండ్రీ పడుతుంది. అతి మమకారం వద్దని అవధూత నేర్చుకున్నాడు. సంసారంలో ఉన్న మనం ఇంకొకటి కూడా నేర్చుకోవచ్చు. ఆ కథలో బోయవాడిలా మనం ఉండకూడదు.

మరి ఏం చెయ్యాలి?

ఈకలు రాని పిల్ల కింద పడితే మెల్లగా తీసి గూట్లో పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదంటారు. అది నిజం కాదండీ.

ఈకలొచ్చి నేల మీద గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటోందన్నమాట. తల్లిదండ్రులు అక్కడే ఎక్కడో ఉంటాయి. పిల్లినీ కుక్కనూ దూరంగా ఉంచండి, పక్కనున్న పొద మీద పెట్టండి, చాలు.

జాలిపడి పాలు, అన్నం పెట్టకండి. ఆ పందిరికి పురుగుమందు కొట్టకండి. అది వాటి పిల్లల తిండి.

గుడ్లు కనిపించిన రోజు నుంచి నెల లోపే గూడు ఖాళీ అవుతుంది. అన్నాళ్ళు ఆ ఒక్క కొమ్మను వదిలేద్దాం. పండగ శుభ్రం ఆ తర్వాతైనా చేసుకోవచ్చు.

శుభం.