స్యూ మిల్లర్ ‘ఫ్యామిలీ పిక్చర్స్’ చదవబోయే పరిశోధకురాలికి



ఆటిజం ఉన్న బిడ్డను పెంచిన కుటుంబాల నవలలను సిద్ధాంత వ్యాసానికి ఎంచుకున్నవారు స్యూ మిల్లర్ రాసిన ‘ఫ్యామిలీ పిక్చర్స్’తో (1990) మొదలుపెట్టడం సముచితమే. అయితే అందులోని రాండల్ పాత్రను రోగి వివరాల పత్రంలా చదివి, లక్షణాలు సరిపోయాయో లేదో చూసి ముగిస్తే, రచయిత్రి పడిన శ్రమ అంతా కంటికి ఆనకుండా పోతుంది.

చికాగోలో నివసించే ఎబర్‌హార్ట్ దంపతుల ఆరుగురు సంతానంలో మూడవవాడు రాండల్. అతనికి తీవ్రమైన ఆటిజం ఉంది. అంటే, మాట దాదాపు లేక, నిత్యకృత్యాలకు సైతం ఎల్లవేళలా మరొకరి తోడు కావలసిన స్థితి. తండ్రి డేవిడ్ మనోవైద్యుడు కావడంతో, బిడ్డ ఇలా కావడానికి మూలం తల్లి అంతరంగంలోనే ఉన్నదని తాను నేర్చిన శాస్త్రం చెప్పినట్టే నమ్ముతాడు. తల్లి లేనీ మాత్రం అది ఎవరి తప్పూ కాని విధి అంటుంది. రాండల్ తరువాత ఆమె కన్న ముగ్గురు ఆరోగ్యవంతులైన ఆడపిల్లలు, తనపై మోపిన నేరానికి ఆమె ఇచ్చుకున్న సంజాయిషీ అని గ్రహించనిదే ఆ దాంపత్యం ఎందుకు బీటలువారిందో బోధపడదు.

ఇక్కడ కాలక్రమం విషయంలో జాగ్రత్త అవసరం. మనోవైద్యుడు లియో కానర్ 1943లో ఆటిజం ఉన్న 11 మంది పిల్లలను వర్ణిస్తూ ఈ స్థితి పుట్టుకతోనే వస్తుందన్నప్పటికీ, వారి తల్లిదండ్రులలో ఆప్యాయత కొరవడిందని కూడా రాశాడు. ఆ రెండవ మాటే బలపడి, తల్లి ప్రేమలో వెచ్చదనం లేకపోవడమే ఆటిజానికి కారణమని చెప్పే ‘రిఫ్రిజిరేటర్ తల్లి’ వాదంగా స్థిరపడింది. చికాగోలోనే ప్రత్యేక పాఠశాల నడిపిన బ్రూనో బెటల్‌హైమ్ 1967లో తెచ్చిన ‘ది ఎంప్టీ ఫోర్ట్రెస్’తో దానికి విశేష ప్రచారం కల్పించాడు. ఆటిజం ఉన్న కుమారునికి తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే ఈ వాదాన్ని ఖండించగా, పరిశోధకులు ఫోల్‌స్టైన్, రట్టర్‌లు 21 జతల కవలలను పరిశీలించి 1977లో ప్రచురించిన అధ్యయనం జన్యుకారణం వైపు దారి చూపింది. కనుక నేటి జ్ఞానంతో డేవిడ్‌ను దుర్మార్గుడిగా తేల్చడం తగదు; నాటి వైద్యలోకంలో అది గౌరవనీయమైన అభిప్రాయం. ఒక సిద్ధాంతం భర్త విద్వత్తు రూపంలో ఇంట్లోకి వచ్చి, భోజనాల బల్ల దగ్గరా పడకగదిలోనూ భార్యకు ఎదురుగా కూర్చోవడమే ఈ నవల అసలు వస్తువు. (సెల్‌ఫోన్ చూపించడం వల్లనే పిల్లవాడికి మాట రాలేదని కోడలిని నిందించే తెలుగిళ్లలో ఆ వాదం చచ్చిపోయిందని అనుకోవడం కష్టం.)

కథలో చాలా భాగం రాండల్ చెల్లెలు, ఫొటోగ్రాఫర్ అయిన నీనా చూపు నుంచి సాగుతుంది. అందువల్ల రాండల్ ఎప్పుడూ మరొకరు చూసినవాడిగానే కనబడతాడు. అతడిని ‘మౌనానికి ప్రతీక’ అని రాయడం విమర్శకులకు ఎంతో సులభం; కాని అన్నం తినిపించవలసిన, వెంట ఉండి కాపాడవలసిన బిడ్డను ప్రతీకగా మార్చడం, తండ్రి చేసిన పనినే మరో పరిభాషలో చేయడం అవుతుంది. దానికి బదులు, ఏ అధ్యాయంలో అతడిని ఎవరు చూస్తున్నారో, ఆ పూట వారికి ఏది దక్కకుండా పోయిందో నమోదు చేసుకుంటే వ్యాసానికి నిజమైన సామగ్రి లభిస్తుంది.

నవలకు ముందే చదవదగిన పుస్తకం మరొకటి ఉంది. బెటల్‌హైమ్ గ్రంథం వెలువడిన 1967లోనే క్లారా క్లైబోర్న్ పార్క్ అనే అమెరికన్ తల్లి తన కుమార్తె పెంపకాన్ని ‘ది సీజ్’ పేరుతో గ్రంథస్థం చేసింది. సిద్ధాంతాల కంటే ముందు దానిని చదివినవారికి, లేనీ నోరు మెదపని సన్నివేశాలలో ఆమె చెప్పగలిగి ఉండి చెప్పకుండా ఆపుకొన్నది ఏమిటో ఊహించడం తేలికవుతుంది.