సన్న సెగ

వంటకు నిప్పు ఎంత అవసరమో, దానిని అదుపులో ఉంచుకోవడం అంతకంటె అవసరం. పాలు మీగడ కట్టాలన్నా, పరమాన్నం అడుగంటకుండా ఉడకాలన్నా సన్న సెగ కావాలి.

పూర్వం తెలుగువారి ఇళ్లలో దాలి ఉండేది. గుంటలో పిడకలు రాజేసి, పైన పాలకుండ పెట్టేవారు. పిడకలు నివురుగప్పి నెమ్మదిగా కాలేవి. సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, మందంగా మీగడ కట్టేవి.

నేడు బరంపురం వంటి పట్టణాలలో ఇండక్షన్ పొయ్యి వాడుకలోకి వచ్చింది. దీనిలో మంట ఉండదు. గాజు పలక కింద తీగచుట్ట ఉంటుంది. అందులోని విద్యుత్తు సెకనుకు 20,000 సార్లకు పైగా దిశ మారుతుంది. అందువల్ల అయస్కాంత క్షేత్రం కూడా మారుతూ, గిన్నె అడుగున విద్యుత్తును పుట్టిస్తుంది. గిన్నె తానే వేడెక్కుతుంది. దీనికి మూలమైన సూత్రాన్ని 1831లో మైకేల్ ఫారడే కనుగొన్నాడు.

మరి ఈ పొయ్యి సన్న సెగ ఎలా ఇస్తుంది? కొన్ని పొయ్యిలు నిజంగానే శక్తిని తగ్గిస్తాయి. చాలా పొయ్యిలు మాత్రం ఆగి ఆగి పనిచేస్తాయి. ఉదాహరణకు, 1000 వాట్ల శక్తితో 2 సెకన్లు పనిచేసి, 8 సెకన్లు ఆగితే సగటున 200 వాట్లు అందుతాయి. లెక్కకు అది సన్న సెగే. కాని ఆ 2 సెకన్లూ గిన్నెకు తగిలేది పెద్ద సెగ! పలుచని గిన్నెలో పాలు అడుగంటుతాయి. మందమైన అడుగు ఉంటే అది వేడిని దాచుకొని, పొయ్యి ఆగినప్పుడు నెమ్మదిగా అందిస్తుంది. దాలిలో నివురు చేసిన పనిని ఇక్కడ గిన్నె అడుగు చేస్తుంది.

అయస్కాంతం అంటుకునే గిన్నెలే దీనికి పనికివస్తాయి. మట్టి కుండ, ఇత్తడి గిన్నె పనికిరావు. పూరీ జగన్నాథస్వామి ఆలయంలో నేటికీ ప్రసాదం మట్టి కుండలలో, కట్టెల పొయ్యిపైనే వండుతారు.

విద్యుత్తు లేకుంటే ఈ పొయ్యి వెలగదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గంజాం జిల్లాలోని గోపాల్‌పూర్ వద్ద తీరం దాటినప్పుడు విద్యుత్ సరఫరా దెబ్బతిన్నది. అటువంటి వేళ నిప్పు రాజేయడం తెలిసినవారే ఇంటివారికి గంజి కాచి పోయగలరు. కొత్త పరికరాన్ని వాడుకోవాలి. పాత నేర్పును మరువరాదు.

పదాలు – అర్థాలు
దాలి : పాలు కాచే పిడకల గుంట
నివురు : నిప్పుపై పేరుకొనే బూడిద
నేర్పు : పనితనం

ప్రశ్నలు
1. దాలిలో పాలు ఎలా కాగేవి?
2. ఇండక్షన్ పొయ్యిపై పాలు కాచడానికి మందమైన గిన్నె ఎందుకు మంచిది?
3. మీ ఇంటి గిన్నెలకు అయస్కాంతం పెట్టి చూడండి. వేటికి అంటుకుందో రాయండి.