మాట చెల్లాల్సింది వాళ్లది

తుమ్మలపల్లె

చిరంజీవి అమ్మాయికి,

మన గని చుట్టుపక్కల ఊళ్లలో నీళ్ల మీద, ఆడవాళ్ల బతుకు మీద డాక్యుమెంటరీ తీస్తానని, ఏ కెమెరా కొనాలో చెప్పమని రాశావు. కెమెరా కంటే ముందు డాక్యుమెంటరీలు తీసే దీపా ధనరాజ్ పని తీరు తెలుసుకో. హైదరాబాదులో పుట్టిన ఆమె 1980లో బెంగళూరులో స్నేహితులతో కలిసి ‘యుగాంతర్’ అనే బృందం పెట్టారు. పుణెలో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, నిపాణిలో పొగాకు కార్మికురాళ్లు సంఘాలు కట్టుకున్న తీరును వాళ్లతో కూర్చుని, వాళ్ల మాటలతోనే సినిమాలుగా మలిచారు. ఎవరి బతుకు తెర మీదికి ఎక్కుతుందో వాళ్ల మాట ఆ సినిమాలో చెల్లాలి. ఆమె పని మొత్తానికీ ఆధారం ఇదే.

1983లో హైదరాబాదులోని ‘స్త్రీ శక్తి సంఘటన’ అనే మహిళా సంఘంతో కలిసి తెలుగులో తీసిన ‘ఇది కథ మాత్రమేనా’ చూడు. ఇంట్లో ఆడవాళ్లు పడే హింస గురించి సంఘం వాళ్లు చర్చించుకుని, దాన్నే కథగా అల్లుకుని, తామే నటించారు. నటించింది డాక్యుమెంటరీ ఎట్లా అవుతుందని నీకు అనుమానం రావచ్చు. దెబ్బలు తిన్న మనిషి పేరు చెప్పుకుని కెమెరా ముందు మాట్లాడితే, మళ్లీ ఆ ఇంటికే పోవాలి కదా. పాత్ర కల్పితమైతే ఆమెకు రక్షణ. అందులోని అనుభవం మాత్రం ఎందరిదో.

ఇలాంటి స్త్రీవాద సినిమా ఒక పక్షమే చూపిస్తుందనే వాళ్లూ ఉంటారు. కుటుంబ నియంత్రణ మీద 1991లో వచ్చిన ఆమె సినిమా ‘సమ్‌థింగ్ లైక్ ఎ వార్’లో కుటుంబ నియంత్రణ శిబిరం డాక్టరు తన ఆపరేషన్ల గొప్ప తన నోటితోనే చెప్పుకుంటాడు. ఆడవాళ్లు తమ ఒంటి గురించి, తమ ఇష్టాయిష్టాల గురించి మాట్లాడతారు. ఒక పక్షాన నిలబడడం తప్పు కాదు, ఎదుటివాళ్ల మాట దాచడం తప్పు. ఇక ఈ దారి ఆడవాళ్ల సమస్యల దగ్గరే ఆగిపోతుందనుకోకు. 1984 హైదరాబాదు అల్లర్ల మీద, పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం తర్వాతి ఉద్యమం మీద కూడా ఆమె సినిమాలు తీశారు.

కాబట్టి గని అధికారులు చెప్పేదీ తీసుకో, రైతులు చెప్పేదీ తీసుకో. నీళ్లు మోసే ఆడవాళ్ల దగ్గరికి మాత్రం మొదట కెమెరా లేకుండా పో. ఎడిటింగ్ అయ్యాక ముందు వాళ్లకే చూపించు. వాళ్లు వద్దన్నది, ఎంత బాగా వచ్చినా సరే, తీసెయ్యి. ఈ నియమానికి కట్టుబడగలను అనుకుంటేనే పని మొదలుపెట్టు తల్లీ.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దమ్మ