ఎల్‌నినో సూచన – కాగజ్‌నగర్ ప్రాంత వర్షాధార పత్తి

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కాగజ్‌నగర్ పరిసరాల్లో పత్తి ప్రధానంగా వర్షాధారంగా సాగవుతోంది. ఎల్‌నినో రానున్నదన్న వార్త వెలువడగానే రైతు అడిగేది ఒకటే: ఈ ఏడు పత్తి పెట్టాలా, వద్దా? దీనికి జవాబు చెప్పే విస్తరణ శాస్త్రవేత్తకు సముద్రం, గాలి కలిసి రుతుపవనాలను ఎలా శాసిస్తాయో, ఆ ప్రభావానికి హద్దులేమిటో తెలిసి ఉండాలి.

సముద్రం – గాలి పరస్పర ప్రభావం

సాధారణంగా పసిఫిక్ భూమధ్యరేఖా ప్రాంతంలో తూర్పు నుంచి పడమరకు వీచే వ్యాపార పవనాలు వెచ్చని ఉపరితల జలాలను ఇండోనేషియా వైపు నెడతాయి. పెరూ తీరంలో లోతుల నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. ఫలితంగా పడమట గాలి పైకి లేచి వర్షాన్నిస్తుంది. తూర్పున కిందికి దిగుతుంది. భారత వాతావరణ శాఖకు 1904 నుంచి 1924 వరకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్, రుతుపవనాల ముందస్తు అంచనాకై పరిశోధిస్తూ, పసిఫిక్, హిందూ మహాసముద్రాల మధ్య వాయుపీడనం త్రాసులా ఊగడాన్ని గుర్తించి ‘దక్షిణ డోలనం’ అని పేరు పెట్టారు. దీనికి సముద్ర ఉష్ణోగ్రతతో గల సంబంధాన్ని 1969లో జేకబ్ బ్యెర్క్‌నెస్ వివరించారు. గాలి బలహీనపడితే వెచ్చని నీరు తూర్పుకు జరుగుతుంది. తూర్పు వేడెక్కితే గాలి మరింత బలహీనపడుతుంది. ఇదే ఎల్‌నినో. అప్పుడు వర్షమేఘాలు మధ్య పసిఫిక్‌కు జరిగి, మన వైపు గాలి కిందికి దిగే ధోరణి పెరుగుతుంది. లానినాలో స్థితి ఇందుకు విరుద్ధం.

సూచనకు గల హద్దులు

ఎల్‌నినో ఏర్పడిన 2002, 2009 సంవత్సరాల్లో దేశవ్యాప్త నైరుతి వర్షపాతం దీర్ఘకాలిక సగటులో వరుసగా 81, 78 శాతమే. కాని అతి బలమైన ఎల్‌నినో ఉన్న 1997లో 102 శాతం కురిసింది. ఆ ఏడు హిందూ మహాసముద్రపు పశ్చిమ భాగం తూర్పు భాగం కంటే అధికంగా వేడెక్కడం ఇందుకు ఒక కారణంగా భావిస్తారు. 2023లో దేశ వర్షపాతం 94 శాతం. అయితే జులై చివరి వారంలో ఉత్తర తెలంగాణను వరదలు ముంచెత్తగా, ఆగస్టు 1901 తరువాత దేశంలో అత్యంత పొడి ఆగస్టుగా నమోదైంది. ఉత్తర తెలంగాణ వర్షాలు బంగాళాఖాతపు అల్పపీడనాలపైనా ఆధారపడతాయి. కాబట్టి పత్తి దిగుబడికి రుతువు మొత్తం సగటు కంటే వానకు వానకు మధ్య ఎడమే కీలకం.

సూచనను వినియోగించే విధానం

• మార్చి–మే నెలల్లో పసిఫిక్ స్థితి మారుతుంటుంది. అప్పటి అంచనాపైనే పంట మార్పిడిని సూచించరాదు. మే చివరి సవరించిన అంచనాను చూడాలి.
• మృగశిర తొలి జల్లుకే విత్తనం వేయనీయరాదు. నల్లరేగడిలో 60–75 మి.మీ. వర్షం కురిసి, నేల బాగా తడిసిన తరువాతే విత్తించాలి. మొలక ఎండితే రైతు విత్తన ఖర్చును రెండుసార్లు భరించాలి.
• పత్తిలో కందిని అంతరపంటగా వేస్తే నష్టభయం తగ్గుతుంది.
• బోదెలు, కాలువలు బెట్టలో తేమను నిలుపుతాయి; అధిక వర్షంలో మురుగును తీస్తాయి.
• బెట్టలో లీటరు నీటికి 20 గ్రా. యూరియా లేదా 10 గ్రా. 13-0-45 కలిపి పిచికారీ చేయాలి.
• విత్తిన తరువాత మంగళ, శుక్రవారాల్లో వెలువడే వ్యవసాయ వాతావరణ సలహాలను అనుసరించాలి.

ఎల్‌నినో అంటే కరువు ఖాయమని చెప్పి, ఆ ఏడు వానలు బాగా కురిస్తే, మరుసటి ఏడు చేసే హెచ్చరికను రైతు నమ్మడు. ‘వర్షం తగ్గే అవకాశం ఎక్కువ, పత్తి పెట్టవచ్చు, కాని నేల తడిసే వరకు ఆగి, కందిని తోడుగా వేయాలి’ అన్నదే రైతుకు ఇవ్వదగిన జవాబు.