ధమ్మ పాఠం: వేదన అంటే బాధేనా?

 

మన స్టడీ సర్కిల్‌కి వచ్చే ఒక తమ్ముడు ఉస్మానియాలో పీజీ చేస్తున్నాడు. హాస్టల్ సీటు రాలేదు. తార్నాకలో టూలెట్ బోర్డు చూసి గది అడగబోయాడు. ఓనరు కిరాయి చెప్పాడు, అడ్వాన్సు చెప్పాడు, ఆఖర్న "మీరు ఏమోళ్లు బాబూ?" అన్నాడు. తమ్ముడు చెప్పాడు. గది నిన్ననే ఇచ్చేశామన్నారు. బోర్డు మాత్రం గేటుకి అట్లనే వేలాడుతోంది. పక్క వీధిలో ఇంకో బోర్డు కనపడింది గానీ ఆ గేటు తట్టలేదు. "ఎందుకన్నా, అక్కడా అంతే కదా" అన్నాడు.

ఆ రెండో గేటు గురించే ఈ పాఠం.

మనసు గురించి బుద్ధుడు వాడిన పదాలు తెలుగులోనూ ఉన్నాయి. కానీ అర్థాలు మారాయి, చిక్కంతా అక్కడే. వేదన అంటే మనకు బాధ. ధమ్మంలో వేదన మూడు రకాలు: సుఖం, దుఃఖం, రెండూ కానిది. ఏదైనా తగలగానే కలిగే తొలి అనుభూతి అన్నమాట. సంజ్ఞ అంటే మనకు సైగ, అక్కడ గుర్తుపట్టడం, 'ఇది ఫలానా' అనుకోవడం. సైకాలజీలో పర్సెప్షన్ అనేది దీనికి దగ్గర. సంస్కారం అంటే మనకు మర్యాద, లేకపోతే పురోహితుడు చేయించే తంతు. బుద్ధుడి మాటలో అది మనసుకు పడిన అచ్చు, మనతో పని చేయించే అలవాటు. విజ్ఞానం అంటే సైన్సు కాదు, ఎరుక. వీటికి రూపం, అంటే ఒళ్లు, కలిపితే పంచ స్కంధాలు.

ఇప్పుడు గేటు దగ్గరికి పోదాం. మాట చెవిన పడింది, తెలిసింది: విజ్ఞానం. గుండె దడదడలాడింది: రూపం. చేదుగా తగిలింది: వేదన. 'మళ్లీ అదే' అనుకున్నాడు: సంజ్ఞ. కాలు వెనక్కి పడింది: సంస్కారం. అంతా రెండు క్షణాల్లో.

ఆ వెనక్కి పడిన కాలుకి సైకాలజీలో ఒక పేరుంది: లెర్న్డ్ హెల్ప్‌లెస్‌నెస్, నేర్చుకున్న నిస్సహాయత. 1967లో అమెరికాలో సెలిగ్మన్, మేయర్ కుక్కల మీద ప్రయోగం చేశారు. తప్పించుకోలేని కరెంటు షాకులు తిన్న కుక్కల్లో చాలావాటికి, తర్వాత దూకి బయటపడే వీలు కల్పించినా, అవి దూకలేదు. 2016లో ఆ ఇద్దరే తమ మాట సవరించుకున్నారు. చాలాసేపు దెబ్బలు తిన్న ప్రాణి ముడుచుకుపోవడం సహజమేనట. మన చేతుల్లోనూ కొంత ఉందన్నదే నేర్చుకోవాల్సిందట. నాకైతే ఈ సవరణే ముఖ్యం.

అయితే తప్పు మన మనసుదేనా? ఈ ప్రశ్న ప్రతిసారీ వస్తుంది, రావాలి కూడా. బుద్ధుడు రెండు బాణాల పోలిక చెప్పాడు. మొదటిది తగిలిన నొప్పి, రెండోది దాని మీద మనసు కుమిలే బాధ. రెండో బాణం గురించే మాట్లాడి మొదటిదాన్ని దాచేసే ధ్యానం గురువులు ఊళ్లో చాలామంది ఉన్నారు. మొదటి బాణం వేసింది ఓనరు. దానికి పేరు కులం. దాన్ని మన పూర్వజన్మ కర్మ మీదికి తోస్తే ఒప్పుకోకండి, బాబాసాహెబ్ ఒప్పుకోలేదు.

ఆయనకూ ఇదే జరిగింది. 1917లో కొలంబియాలో చదివొచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరితే ఉండటానికి గది దొరకలేదు. పేరు మార్చుకుని పార్సీల సత్రంలో దిగితే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా అది తలుచుకుంటే కన్నీళ్లు వస్తాయని రాసుకున్నారు. అంత మనిషికీ వేదన పోలేదు. కాలు మాత్రం ఆగలేదు. 1953 జనవరి 12న ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది ఈ ఉస్మానియానే.

ఇంకో మాట. దిగులు వేరు, డిప్రెషన్ వేరు. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి, దేనిమీదా ఇష్టం లేకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. చావాలనిపిస్తే రెండు వారాలు ఆగొద్దు, అప్పుడే 14416కి, టెలి మానస్‌కి, ఫోన్ చేయండి. ఎర్రగడ్డ ఆస్పత్రి పేరెత్తి ఎగతాళి చేసుకునే అలవాటు మనలోనూ ఉంది, మానేద్దాం.

వచ్చే ఆదివారానికి ఈ వారంలో మీకు తగిలిన ఒక్క మాట రాసుకుని రండి. దాని కింద ఒళ్లు ఏమైంది, ఎట్లా అనిపించింది, ఏమనుకున్నారు, ఏం చేశారు, ఈ నాలుగూ రాయండి. ఆ తమ్ముడు కూడా రాసుకొస్తానన్నాడు. సోమవారం గది వెతకడానికి మళ్లీ పోతున్నాడు, తోడు ఇద్దరం పోతున్నాం.