పాఠశాల కథలలో స్నేహము, పాత్రవికాసము: ఒక పరిశీలన

మన కళాశాల సంచికను చేతిలోకి తీసుకున్నవారు ఒక విశేషాన్ని గమనించే ఉంటారు. తెలుగు చదువరికి ఇది ఎడమవైపు అట్టతో ప్రారంభమవుతుంది. ఉర్దూ చదువరికి కుడివైపు అట్టతో ప్రారంభమవుతుంది. ఇద్దరూ నడిమి పుటలలో ఎదురుపడతారు. ఎదురుపడి, ఒకరినొకరు పలకరించుకోకుండానే వెనుదిరుగుతారు. ఈ వ్యాసం రాయాలన్న తలంపు నాకు ఆ నడిమి పుటల వద్దనే కలిగింది.

జపాను దేశీయుల బొమ్మల కథలను ‘మాంగా’ అంటారు. ఆ పుస్తకాలు కూడా కుడినుంచే తెరుచుకుంటాయి. ఇంగ్లీషులోకి అనువదించినప్పుడు సైతం చాలా పుస్తకాలలో ఆ వరుసను మార్చరు. కాబట్టి మన ఉర్దూ విద్యార్థులకు వాటిని తెరవడంలో తడబాటు ఉండదు. తెలుగు మాత్రమే వచ్చినవారు చివరి పుటను మొదటి పుటగా భ్రమించి, కథ ముగింపును ముందే చదివేసి, తోటివారి నవ్వులకు గురి అవుతారు. ఈ విషయం అనుభవపూర్వకంగానే రాస్తున్నాను.

బొమ్మల కథలు విమర్శకు తగినవేనా అని కొందరు పెద్దలు సందేహించవచ్చును. 1947లో ‘చందమామ’ వెలువడిన నాటినుంచి బొమ్మతో కలిపి కథ చదవడం మన ఇళ్లలో అలవాటైన పనే. అయితే ఆ కథలలో రాజకుమారుడు మొదట ఎటువంటివాడో చివర కూడా సాధారణంగా అటువంటివాడే. మారేది అతని అదృష్టం, స్వభావం కాదు. వారం వారం సాగే పాఠశాల మాంగాలలో కొన్ని స్వభావం మారే క్రమాన్నే కథావస్తువుగా గ్రహించాయి. అటువంటి వాటిలో ఓయిమా యోషితోకి అనే రచయిత్రి ‘కోయె నో కతాచి’ ఎన్నదగినది. ఈ పేరుకు ‘గొంతుకు గల ఆకారం’ అని చెప్పుకోవచ్చును. శీర్షికలో గొంతు అనే మాటకు ఆమె పాతకాలపు అక్షరాన్ని వాడింది. ఆ అక్షరంలో చెవిని తెలిపే గుర్తు ఇమిడి ఉన్నది. 2013, 2014 సంవత్సరాలలో ధారావాహికగా వెలువడి, ఏడు సంపుటాలుగా పూర్తయిన ఈ రచన 2016లో చలనచిత్రంగా కూడా వచ్చింది.

కథ ఆరవ తరగతిలో మొదలవుతుంది. షోయా ఇషిదా అల్లరి పిల్లవాడు. అతని తరగతిలో షోకో నిషిమియా అనే బాలిక కొత్తగా చేరుతుంది. ఆమెకు చెవులు వినబడవు. ఒక నోటుపుస్తకం చూపి, నాతో మాట్లాడదలచినవారు ఇందులో రాయండి అని కోరుతుంది. కొద్దిరోజులు పిల్లలు రాస్తారు. పిమ్మట విసుగు, ఆ తరువాత వేళాకోళం, దాని వెనుక క్రౌర్యం. షోయా ఆమె చెవులనుంచి వినికిడి యంత్రాలను లాగి పారవేస్తాడు. ఐదు నెలలలో ఎనిమిది యంత్రాలు పోయాయి, లేదా పాడయ్యాయి. ఉపాధ్యాయుడు చూసీ చూడనట్లు ఊరుకుంటాడు. విషయం ప్రధానోపాధ్యాయుని వరకు పోయిన నాడు మాత్రం వేలెత్తి షోయాను చూపుతాడు. ఆ వేలి వెనుకనే తరగతి వేళ్లన్నీ లేచాయి. నిన్నటివరకు కలిసి నవ్విన మిత్రులే నేడు సాక్షులు. ఆనాటినుంచి వెలి షోయా వంతు అవుతుంది.

ఇక్కడ రచయిత్రి ఒక చిన్న సంగతి పెట్టింది. షోయా బల్ల మీద తోటివారు తిట్లు రాస్తూ ఉండేవారు. ప్రతి ఉదయం షోకో వాటిని తుడుస్తూ ఉండేది. ఆ పిల్ల ఆ బడి విడిచి వెళ్లిపోయిన తరువాత గాని అది అతనికి అర్థం కాదు. పశ్చాత్తాపాన్ని ఇంత తక్కువ మాటలతో చూపిన ఘట్టం పెద్ద నవలలలో కూడా అరుదు.

ఐదేళ్లు గడుస్తాయి. షోయా ఎవరి ముఖమూ చూడలేని యువకుడవుతాడు. రచయిత్రి అతని చుట్టూ ఉన్నవారి ముఖాల మీద పెద్ద ఇంటూ గుర్తులు గీసింది. మాటలలో చెప్పవలసివస్తే రెండు పుటలు పట్టే మనోవ్యాధిని రెండు గీతలు చెప్పివేశాయి. ఎవరితోనైనా స్నేహం కుదిరినప్పుడు ఆ ముఖం మీది గుర్తు ఊడి రాలిపడుతుంది. మొట్టమొదట రాలేది నగత్సుకా అనే పిల్లవాని ముఖం మీద గుర్తు. ఎవడో అతని సైకిలు అడిగి వేధిస్తూ ఉంటే, షోయా తన సైకిలు ఇచ్చివేస్తాడు. పోయిన ఆ సైకిలును వెదకి తెచ్చి ఇచ్చేది నగత్సుకాయే. స్నేహానికి ఇంతకంటే పెద్ద ఉపోద్ఘాతం అక్కరలేదు.

అయితే కథకు ఆయువుపట్టు వేరొకచోట ఉన్నది. బడిలో ఉన్న రోజులలో షోకో తన రెండు చేతులను ఒకదానితో ఒకటి కలిపి షోయాకు ఏదో చెప్పబోయింది. అతనికి అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని అనుకోలేదు కూడా. ఐదేళ్ల తరువాత ఆమెను వెదుక్కుంటూ వచ్చి, ఆనాటి నోటుపుస్తకం చేతికిచ్చి, అదే సంజ్ఞ తాను చేసి చూపుతాడు. జపాను సంజ్ఞాభాషలో దానికి అర్థం ‘స్నేహితులు’. ఆమె నిర్ఘాంతపోవడానికి కారణం అతని క్షమాపణ కాదు, అతడు సంజ్ఞాభాష నేర్చుకొని రావడం. క్షమాపణ ఒక్క క్షణంలో చెప్పవచ్చును. భాష నేర్వడానికి నెలలు, ఏళ్లు పడతాయి. ఆ నెలలన్నీ అతడు ఆమె ఎదుట లేనప్పుడు ఆమెకోసం వెచ్చించినవి. పాత్రవికాసానికి ఈ గ్రంథంలో నాకు కనబడిన కొలమానం ఇదే: ఎదుటివాని భాష కోసం ఒకడు ఎంత శ్రమపడ్డాడు?

ఈ కొలమానంతో చూస్తే తక్కిన పాత్రలు కూడా స్పష్టపడతాయి. సహారా అనే బాలిక ఆరవ తరగతిలోనే సంజ్ఞలు నేర్చుకోవడానికి ముందుకు వచ్చింది. తోటివారు ఎగతాళి చేయగా తట్టుకోలేక బడి మానుకున్నది. ఉయెనో ద్వేషిస్తుంది గాని, ఆ ద్వేషాన్ని దాచదు. ఒకవిధంగా ఆమెయే అందరికంటే నిజాయితీపరురాలు. కవాయి అనే పిల్ల మాత్రం తాను ఏనాడూ ఏ తప్పూ చేయలేదని హృదయపూర్వకంగా నమ్ముతుంది. ఆ తరగతిలో అందరికంటే భయపడవలసినది ఈమెకే అని నా అభిప్రాయం. ఇక షోకోను రచయిత్రి దేవతను చేయలేదు. ఎవరు ఏమన్నా చిరునవ్వుతో క్షమాపణ చెప్పుకోవడం ఆమెలోని లోపంగానే చూపింది. ఆ నవ్వును విడిచిపెట్టడం ఆమె వికాసం.

ఇంత దూరదేశపు కథ చదివిన తరువాత నా మనస్సు విజయనగరం వైపు మళ్లింది. చదువుకునే పిల్లవానిని, అతని మిత్రుణ్ణి రంగస్థలం మీద నిలిపిన మహాకృతి మన ముంగిట్లోనే ఉన్నది గదా. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో ఎంతో పెరిగి మారిన రూపంలో మళ్లీ వెలువడింది. ఓయిమా కూడా తన కథను మొదట పోటీకి పంపిన చిన్న కథగా, 2013 నుంచి ధారావాహికగా మళ్లీ రాసింది. మనుషులు మారే తీరును గురించి రాసేవారికి ఒక్కసారి రాస్తే తృప్తి కలగదు కాబోలు.

గిరీశం, వెంకటేశంల సంబంధాన్ని స్నేహమనాలా, గురుశిష్యత్వమనాలా? రెండింటి వేషమూ అందులో ఉన్నది. వెంకటేశం పరీక్ష తప్పాడు, తండ్రికి భయపడుతున్నాడు. గిరీశానికి ఊరిలో అప్పులవాళ్ల బెడద. తలదాచుకోవడానికి చోటు కావాలి. కాబట్టి సెలవులలో చదువు చెప్పే నెపంతో కృష్ణరాయపురం అగ్రహారానికి ఇద్దరూ బయలుదేరుతారు. ఒకరి అవసరానికి మరొకరు గొడుగు. అక్కడ తల్లి ముచ్చట తీర్చడానికి ఇద్దరూ ఇంగ్లీషులో సంభాషించే ఘట్టం తెలియనివారు ఉండరు. పిల్లల పాటలోని చరణం ఒకరు, వాచకంలోని ముక్క మరొకరు, దేనికీ దేనితోనూ పొత్తు లేకుండా వల్లిస్తారు. తల్లి మురిసిపోతుంది. మనం ఆ రంగం చూసి నవ్వుతాము. కానీ షోయా సంజ్ఞను చూసిన కళ్లతో ఈ రంగాన్ని మళ్లీ చూడండి. అక్కడ మాటలు లేకుండా ఇద్దరు మాట్లాడుకున్నారు. ఇక్కడ మాటలు కుప్పలుగా ఉన్నా ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడనే లేదు. భాష ఎదుటివాని కోసం నేర్చినది కాదు, మూడోమనిషి కళ్లు కప్పడానికి నేర్చినది. అందుచేతనే గిరీశం వద్ద చుట్ట కాల్చడం నేర్చిన వెంకటేశం తక్కిన విషయాలలో ఎక్కడివాడక్కడనే ఉండిపోయాడు. పాత్రను మార్చడం గురజాడవారికి చేతకాక కాదు. మధురవాణి అందుకు సాక్ష్యం. ఆ స్నేహంలో మార్చే శక్తి లేదు.

గురజాడవారి నాటకంలోని స్నేహం ఇటువంటిది కాగా, ఆయన జీవితంలోని స్నేహం దీనికి పూర్తిగా వేరు. విజయనగరం మహారాజావారి బడిలో ఆయనకు సహాధ్యాయి గిడుగు వెంకట రామమూర్తి. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టి, 1875లో తండ్రి పోగా, చదువుకోసం విజయనగరం చేరిన పిల్లవాడు ఆయన. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడయ్యారు. అక్కడ కొండలనుంచి దిగివచ్చే సవరలను చూశారు. వారి భాషకు లిపి లేదు, పుస్తకం లేదు, నేర్పే పంతులు లేడు. రామమూర్తిగారు తెలుగు వచ్చిన ఒక సవరను తన ఇంటనే ఉంచుకొని అతనివద్ద శిష్యరికం చేశారు. పంతులే విద్యార్థి అయినాడు. ఆ కాలపు అగ్రవర్ణ గృహంలో ఈ పని ఎంతటి సాహసమో ఊహించవచ్చును. పిమ్మట సవర పిల్లలకు వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లోను, నిఘంటువు 1938లోను అచ్చయ్యాయి. ఈ రెంటి వెనుక దాదాపు అర్ధశతాబ్దపు శ్రమ ఉన్నది.

అందుకు ఆయన చెల్లించిన మూల్యం కూడా చెప్పవలసి ఉన్నది. కొండలలో, అడవులలో తిరిగినందువల్ల మలేరియా పట్టింది. దానికి తీసుకున్న క్వినైను వల్ల చెవుడు వచ్చి జీవితాంతం నిలిచిపోయింది. ఎవరూ వినని జాతి పలుకులను వినడానికి పోయినవాడు తన వినికిడినే కోల్పోయాడు. మాంగాలో వినబడని బాలిక కోసం అల్లరి పిల్లవాడు చేతులతో మాట నేర్చుకున్నాడు. శ్రీకాకుళం సీమలో ఈ కథ అంతకు ఎంతో ముందే మరొక రూపంలో జరిగిపోయింది.

బాల్యమిత్రుల ఆ స్నేహం మళ్లీ పదునెక్కినది 1907 ప్రాంతంలో. పాఠశాలల పర్యవేక్షణాధికారిగా ఉత్తర జిల్లాలకు వచ్చిన జె. ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు, ప్రజలు మాట్లాడే తెలుగు ఒకటి, పిల్లలు చదివే తెలుగు మరొకటిగా ఎందుకున్నదని అడిగాడు. ఆ ప్రశ్న ఇద్దరు మిత్రులనూ ఒకే పనికి పురికొల్పింది. ఒకరు కవి, సంస్థానంతో సన్నిహితంగా మెలగినవారు. మరొకరు సభలో నిలబడి ప్రాచీన గ్రంథాలనుంచే ప్రయోగాలు ఎత్తిచూపి ప్రత్యర్థులను నిలదీసే మొండి బడిపంతులు. స్వభావాలు కలవవు; పని కలిసింది. సవరల నోటినుంచి భాష నేర్చుకున్న అనుభవమే తెలుగు పామరుని నోటిమాటకు కూడా వ్యాకరణం ఉన్నదని రామమూర్తిగారికి చూపి ఉంటుందని నేను భావిస్తాను. 1914లో గురజాడవారు మద్రాసు విశ్వవిద్యాలయానికి తమ అసమ్మతి పత్రం సమర్పించారు. 1915 నవంబరు 30న కన్నుమూశారు. తరువాత ఇరవై నాలుగేళ్లకు పైగా, 1940 జనవరి 22న తాను పోయేవరకు, రామమూర్తిగారు మిత్రుని వాటా కూడా తన భుజాన వేసుకొని నడిచారు. చెవిటివాడై, ముసలివాడై, 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు దశాబ్దాలుగా ఉన్న ఊరినే విడిచి రాజమహేంద్రవరం చేరి కూడా ఆ పని విడువలేదు. ఆగస్టు 29న మనం తెలుగు భాషాదినోత్సవం జరుపుకొంటున్నది ఆయన పేరనే.

ఇక కళాశాల కమిటీవారికి ఒక చిన్న విన్నపం. వచ్చే సంచికలో, రెండు భాగాలూ ఎదురుపడే నడిమి పుటలను రెండింటిని ఖాళీగా విడిచి, ఉర్దూ విద్యార్థి ఒకరు తెలుగులోను, తెలుగు విద్యార్థి ఒకరు ఉర్దూలోను తమ చేతితో రాసిన పేరాలను అచ్చువేయించవలసిందని కోరుతున్నాను. తప్పులు దిద్దకుండానే వేయాలి. తెలుగు పక్షాన నేను అప్పుడే సాధన మొదలుపెట్టాను. అలిఫ్ నిటారుగా నిలుస్తున్నది. తక్కిన అక్షరాలు పక్కదానితో చేయి కలిపినప్పుడల్లా ఆకారం మారిపోతూ ఉన్నందున నాకింకా పట్టుబడడం లేదు.