ఆ పాటలు వింటే కడుపులో తిప్పుతోంది

ప్రశ్న: మాది కొనకనమిట్ల మండలంలో ఒక పల్లె. రొమ్ము క్యాన్సర్‌కి గుంటూరులో ఆపరేషన్, కీమో, కరెంటు పెట్టడం అన్నీ అయి ఏడాది దాటింది. జబ్బు లేదన్నారు. కీమో ఎక్కించేటప్పుడు మా అబ్బాయి ఫోన్లో వెంకటేశ్వరస్వామి పాటలు పెట్టి వినిపించేవాడు. ఇప్పుడు గుళ్లో మైకులో అవే వస్తే కడుపులో తిప్పుతుంది, చెమటలు పడతాయి. దేవుడి పాటకి వికారమేమిటని ఎవరికీ చెప్పుకోలేక శనివారం భజన, కోలాటం మానేశాను. చెకప్ దగ్గరపడితే నిద్ర పట్టదు. సంగీతంతో మనసు కుదుటపడుతుందంటారు. నాకు పనికొస్తుందా?
- ఒక సోదరి

జవాబు: అమ్మా, ఇందులో పాపం లేదు, మీ భక్తి తగ్గిందనీ కాదు. కీమో రోజుల్లో పడ్డ వికారాన్ని ఒళ్లు అప్పుడు చుట్టూ ఉన్నవాటితో ముడిపెట్టుకుంటుంది. కొందరికి ఆస్పత్రి వాసన, కొందరికి అప్పుడు తిన్న ఇడ్లీ, మీకు ఆ పాటలు. క్యాన్సర్ డాక్టర్లకు బాగా తెలిసిన సంగతే ఇది, ఈసారి చెకప్‌లో మొహమాటపడకుండా చెప్పండి. ఆ పాటల్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. తర్వాతెప్పుడైనా ఒంట్లో బాగున్న పూట ఇంట్లోనే, సౌండు తగ్గించి ఒకటి పెట్టుకోండి. ఇబ్బందనిపించగానే ఆపేయండి. గుడి మైకు మీ చేతిలో ఉండదు, ఫోను ఉంటుంది.

సంగీతం పనికొస్తుంది. 81 పరిశోధనల్ని కలిపి చూసిన కోక్రేన్ అనే సంస్థ సమీక్ష 2021లో వచ్చింది. క్యాన్సర్ వచ్చిన పెద్దవాళ్లకు ఆందోళన, నొప్పి, నీరసం తగ్గవచ్చని అందులో తేలింది. అయితే నేను మీకు చెప్పేది వినడం గురించి కాదు, పాడటం గురించి. వేల్స్ దేశంలో క్యాన్సర్ రోగులు, వాళ్లకు సేవ చేసినవాళ్లు, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు కలిసి పాడే బృందాలున్నాయి. 193 మందిని పరీక్షిస్తే, గంటసేపు పాడాక ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గి, మనసు తేలికపడినట్టు 2016లో రాశారు. పాడనివారితో పోల్చి చూసిన పరీక్ష కాదది, అయినా నాకు నమ్మబుద్ధేస్తుంది. మీ ఊళ్లో అలాంటి బృందం ఇప్పటికే ఉంది కదా, మీ భజన బృందమే! ఫలానా పాటలు కొన్నాళ్లు వద్దని వాళ్లకు ముందే చెప్పి వెళ్లి కూర్చోండి. కారణం చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే లేదు.

కోలాటం సంగతి వేరు. చంకలో గడ్డలు తీసి ఉంటే ఆ చెయ్యి వాచే అవకాశం ఉంది. డాక్టర్ని అడిగి, మొదట నెమ్మది దరువుకి కాసేపే ఆడండి. చెయ్యి బరువెక్కినా, రోజూ వేసుకునే గాజులు బిగుతైనా ఆపి చూపించుకోండి.

చెకప్ ముందు భయం చాలామందికి ఉంటుంది. కానీ రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే, దేనిమీదా మనసు పోకపోతే పాటతో సరిపెట్టుకోవద్దు. మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోను సేవ టెలి మానస్ ఉంది, నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రిపూటైనా చేయొచ్చు.

ప్రశ్న: మా నాన్నకి గొంతు క్యాన్సర్ నయమైంది. కొన్ని రాగాలు రోజూ వింటే మళ్లీ రాదని ఫోన్లో ఒకాయన డబ్బు కట్టమంటున్నాడు. కట్టమంటారా?
- ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: కట్టొద్దు. ఏ రాగమైనా క్యాన్సర్‌ని ఆపుతుందనడానికి రుజువు లేదు. నాన్నగారికి ఘంటసాల పద్యాలు ఇష్టమో, హరికథలు ఇష్టమో ఆయన్నే అడిగి పెట్టండి, అది ఆయన సంతోషానికి. జబ్బు తిరగబెట్టకూడదంటే చెకప్‌లు తప్పనివ్వకండి. చుట్ట, బీడీ అలవాటుంటే మళ్లీ ముట్టనివ్వకండి.